తుప్పు వంతెన బూగీ ఎవరిది

అమ్మా వనెల్డా, ఎస్టిల్, పాస్టర్ గారూ, కెంటకీ కొండల నుంచి తెల్లవారుతూనే బయల్దేరి వచ్చిన లైకిన్స్ వారి బంధువులూ, రెండు విమానాలు మారి ఫిన్లండ్ నుంచి వచ్చిన మిత్రులూ, మన హామిల్టన్ పాటగాళ్ళూ, అందరికీ నా వందనం.

హోబర్ట్ లైకిన్స్ పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. పొద్దున కాఫీ తాగి, గ్యారేజీలో గిటారుకి తీగలు మారుస్తూ మారుస్తూ కూర్చున్న కుర్చీలోనే ఒరిగిపోయాడు. నొప్పి తెలియకుండా పోయాడని డాక్టరు అన్నాడు. బతికున్నప్పుడు అన్నీ అతనికి సులువుగానే జరిగాయి, ఆఖరిది కూడా సులువుగానే జరిగింది. చూశారా, సంతాపం చెప్పడానికి లేచి కూడా నేను ఓర్వలేకపోతున్నాను.

ఈ యూనియన్ హాల్లో రెండు వందల కుర్చీలున్నాయి. అన్నీ నిండాయి. గోడల వెంట ఇంకో అరవై మంది నిలబడి ఉన్నారు. పాస్టర్ గారు ప్రార్థన చేస్తున్నప్పుడు నేను కళ్ళు మూసుకోలేదు, తలలు లెక్కపెట్టాను. ఎందుకు లెక్కపెట్టాను? నేను పోయినప్పుడు ఇందులో సగం మందైనా వస్తారా అని. మిత్రులారా, ఇక్కడ నిలబడి మాట్లాడుతున్న డెల్మర్ ప్రూయిట్ అలాంటివాడు. మీలో చాలామందికి ఈ సంగతి తెలుసు. తెలియనివాళ్ళకి ఇవాళ తెలియాలి.

నన్నెందుకు మాట్లాడమన్నారని మీరు గుసగుసలాడుకుంటున్నారు. బీన్స్ గిన్నె దగ్గర నిలబడినప్పుడు విన్నాను. "వీడా? ఆయన గురించి వీడు మాట్లాడేదేమిటి?" అని ఎవరో అన్నారు. న్యాయమైన ప్రశ్నే. భర్త గురించి మాట్లాడమని వనెల్డాయే అడిగింది, అందుకు లేచాను. హోబర్ట్ మంచివాడు, గొప్పవాడు అని రెండు పేజీలు రాసుకున్నాను కూడా. అవి జేబులోనే ఉన్నాయి. మొన్న మంగళవారం వనెల్డా వంటగదిలో కూర్చుని వచ్చాక ఆ కాగితాలు పనికిరాకుండా పోయాయి. అందుకని కాగితం లేకుండా మాట్లాడతాను. తడబడితే మన్నించండి.

ముప్పై ఎనిమిదేళ్ళు నేను ఈ మనిషి మీద కుళ్ళుకున్నాను.

మొదటిసారి ఎక్కడ చూశాను? బట్లర్ కౌంటీ సంతలో, గొడ్ల పాకలో పెట్టిన గిటారు పోటీలో. అప్పటికి మన ఊళ్ళో ఈ పాత పాట వాయించే కుర్రకారు ఐదారుగురికి మించి లేరు. మన నాన్నలు కొండలు దిగి కాగితం మిల్లులో పనికి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న పాట అది. హిల్‌బిల్లీ బూగీ, కొండవాళ్ళ గంతుల పాట. మా వయసువాళ్ళు దాన్ని విని సిగ్గుపడేవారు. మేం ఐదారుగురం మాత్రం జుట్టుకి నూనె రాసి పైకి దువ్వుకుని, తాతల కాలం చొక్కాలు తొడుక్కుని, ఆ పాటని మళ్ళీ ఆ పాటలాగే వాయించాలని పట్టుబట్టాం. అందులో నేనే గొప్పవాణ్ణని నాకు గట్టి నమ్మకం ఉండేది. గెలిచినవాడికి ఉప్పులో ఊరేసిన పంది తొడ ఇస్తామన్నారు.

నా పేరు పిలిచే ముందు నా గిటారు తీగ తెగింది. అదనపు తీగ లేదు. ఏం చెయ్యాలో తోచక నిలబడితే ఊరికి కొత్తగా వచ్చిన, ముఖం కూడా తెలియని ఒక పొడుగాటివాడు వచ్చి తన గిటారు నా చేతిలో పెట్టి, "దీంతో వాయించు, నీది ఇలా ఇవ్వు" అన్నాడు. నేను వాయించాను. బాగా వాయించాను. తరవాత అతని వంతు వచ్చింది. తన గిటారు అడుగుతాడని చూశాను. అడగలేదు. తీగ తెగిన నా గిటారుతోనే వేదిక ఎక్కాడు.

పంది తొడ ఎవరికి వచ్చిందంటారు? ఐదు తీగలవాడికి. ఆరు తీగలూ నా దగ్గరే ఉన్నాయి, గెలుపు మాత్రం అతని దగ్గరుంది. పోనీ, గెలిచి మీసం మెలేసినా బాగుండేది. తిట్టుకోవడానికి ఒక కారణం దొరికేది. మర్నాడు పొద్దున తలుపు తీస్తే ఆ పంది తొడలో సగం కాగితంలో చుట్టి మా గుమ్మంలో పెట్టి ఉంది. మా ఆవిడ బీన్స్‌లో వేసి వండింది. చాలా రుచిగా ఉంది. రెండు మార్లు వడ్డించుకుని తిన్నాను, తిన్నంతసేపూ కడుపు మండుతూనే ఉంది.

హోబర్ట్ అలాంటివాడు. నేను ఇలాంటివాణ్ణి.

అతను కాగితం మిల్లులో మరమ్మతు పని చేశాడు. నేను స్కూలు బస్సు నడిపాను. ఆదివారాలు నాకు రేడియోలో ఒక గంట ఉండేది, మన పాటవాళ్ళ పత్రికలో ప్రతినెలా రెండు పేజీలు ఉండేవి. పాత రికార్డుల గురించి నేను చెప్పిందే మాట. ఏ రికార్డు ఏ ఏడు చేశారో, ఏది అసలుదో, ఏది మనవాళ్ళు కొత్తగా చేసిందో విన్న వెంటనే చెప్పేవాణ్ణి. ఆ పేరు ఒక్కటే నాకు మిగిలింది. ఎందుకంటే వాయించడంలో అతన్ని దాటలేనని నాకు తెలిసిపోయింది. బయటికి ఎప్పుడూ అనలేదు.

హోబర్ట్ గ్యారేజీలో రికార్డు చేసినవాళ్ళు ఈ హాల్లో సగం మంది ఉంటారు. ఎలా చేసేవాడో మీకు నేను చెప్పనక్కర్లేదు, కానీ దూరం నుంచి వచ్చిన బంధువుల కోసం చెప్తాను. గది మధ్యలో ఒకే ఒక్క పాత మైకు. దాని చుట్టూ అందరూ నిలబడాలి. ఎవరి చప్పుడు పెద్దదో వాళ్ళు దూరంగా, ఎవరిది చిన్నదో వాళ్ళు దగ్గరగా. నేల మీద సుద్దముక్కతో గీత గీసేవాడు, ఆ గీత మీదే నిలబడాలి. అందరూ ఒకేసారి వాయించాలి. ఒకడు తప్పితే మొత్తం మళ్ళీ మొదటి నుంచి. అతికించడాలు, దిద్దుకోవడాలు లేవు. యాభైల్లో మన నాన్నలు విన్న రికార్డులు అలా తయారయ్యాయి, కాబట్టి మనవీ అలాగే తయారవ్వాలనేవాడు.

నన్ను ఎక్కడ నిలబెట్టేవాడో గుర్తుందా? తలుపు దగ్గర. "నీ చెయ్యి బరువు, డెల్మర్. నువ్వు కొంచెం వెనక్కి" అనేవాడు, చాలా మర్యాదగా. అతను మాత్రం మైకుకి జానెడు దూరంలో. పొగరుతో కాదు. అతను వేలితో తీగని తాకితే ఉయ్యాల్లో పిల్ల నిద్ర లేవదు, అంత మెత్తగా తాకేవాడు. అందుకని దగ్గరగా నిలబడాల్సి వచ్చేది. నాకు కారణం తెలుసు. అయినా ప్రతిసారీ ఆ సుద్ద గీతల మధ్య దూరం చూసి కన్ను కుట్టేది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

తుప్పు వంతెన బూగీ మీ అందరికీ తెలుసు. మన వాళ్ళలో ఆ పాట వాయించని బృందం లేదు. ఫిన్లండ్‌లో వాయిస్తారు, స్పెయిన్‌లో వాయిస్తారు. మాటలు లేని పాట, ఒక గిటారు, మనిషంత ఎత్తుండే ఒక నిలువు బాస్ వాద్యం. రికార్డుల మీద ఎక్కడ వేసినా కింద ఏమని రాస్తారు? రాసినవారు తెలియదు, సుమారు 1954 అని రాస్తారు. ఆ మాట మొదట రాసింది ఎవరు? నేను.

పందొమ్మిదేళ్ళ కిందట పాత సామాన్ల సంతలో ఒక పెట్టె అడుగున నాకా డిస్కు దొరికింది. రేడియో స్టేషన్లలో వాడే లక్క పూసిన డిస్కు. పేరు లేదు, పాట పేరు మాత్రం పెన్సిలుతో రాసి ఉంది. చేతిలోకి తీసుకోగానే తెలిసింది, డిస్కు యాభైల నాటిది. ఇంటికి వెళ్ళి ముల్లు పెట్టాను. మొదటి పది సెకన్లలో లేచి నిలబడ్డాను. పాట అయిపోయాక మళ్ళీ పెట్టాను. ఆ రోజు భోజనానికి మా ఆవిడ నాలుగుసార్లు పిలిచింది.

పాట చివర, ఆఖరి తీగ మోత ఇంకా ఆగకముందే, వెనక ఒక చప్పుడు వినిపిస్తుంది. ధబ్ మని ఒక దెబ్బ, దాని వెంట గలగల. మీకందరికీ తెలుసు. పత్రికలో నేను దాని గురించే రెండు పేరాలు రాశాను. సిన్సినాటి రైలు యార్డులో పెట్టెకి పెట్టె తగిలించిన చప్పుడనీ, ఆ గలగల గొలుసులదనీ, కాబట్టి యార్డు పక్కన ఆ రోజుల్లో ఉన్న ఫలానా గదిలోనే ఇది రికార్డు అయ్యిందనీ తేల్చేశాను. ఎంత గర్వంగా రాశానో.

గర్వంతో ఆగలేదు. అసలు కసి ఆఖరి పేరాలో ఉంది. అది నాకు కంఠతా వచ్చు, వినండి. "ఈ చెయ్యి ఇవాళ బతికున్న ఎవరికీ లేదు. కింది తీగల మీద బొటనవేలు తాపీగా నడుస్తుంటే పై తీగలు నవ్వుకుంటున్నాయి. తొందర లేదు, గొప్ప చూపించుకోవాలన్న యావ లేదు. నేను ఇంతకన్న మంచి గిటారు వినలేదు, ఇక వినను. మన ఊళ్ళో తమని తాము మొనగాళ్ళనుకునే కొందరు దీన్ని కూర్చుని వినాలి. విని, గిటారు పెట్టెలో పెట్టి తాళం వేసుకోవాలి." కొందరు అంటే ఎవరు? ఊరంతటికీ తెలుసు. హోబర్ట్‌కీ తెలుసు.

మీలో ఒకరిద్దరికి అనుమానం వచ్చింది. "ఇదెక్కడో విన్న చెయ్యిలా ఉందే" అన్నారు. నేను వాళ్ళ నోరు మూయించాను. డిస్కు పట్టుకుని చూశారా మీరు, నేను చూశాను అన్నాను. నేను చెప్పాను కాబట్టి మీరు నమ్మారు.

ఆ వేసవిలో నది ఒడ్డున మన సంబరం జరిగింది. జనం కేకలు పెట్టి తుప్పు వంతెన వాయించమని హోబర్ట్‌ని అడిగారు. అతను చాలాసేపు తల అడ్డంగా ఊపాడు. చివరికి వాయించాడు. నేను మైకు పట్టుకుని, అందరూ వింటుండగా, "బాగానే ఉంది హోబర్ట్, కానీ ఆ పెద్దాయన తేలిక నీకింకా పట్టుబడలేదు" అన్నాను. జనం నవ్వారు. ఇక్కడున్నవాళ్ళలో కొందరు నవ్వారు. హోబర్ట్ కూడా నవ్వాడు. "ఆ పెద్దాయన చెయ్యి వేరు, డెల్మర్" అన్నాడు. అంతే అన్నాడు. పక్కన బాస్ పట్టుకుని నిలబడ్డ ఎస్టిల్ ఒక్కడే నవ్వలేదు. ఎస్టిల్‌కి నా మాట నచ్చలేదనుకున్నాను. బావ మీద ప్రేమ కదా అనుకున్నాను.

ఎస్టిల్, తల దించుకోకు. ఎవరికీ చెప్పనని హోబర్ట్‌కి ఇచ్చిన మాట నువ్వు నిలబెట్టుకున్నావు. తప్పు నీది కాదు.

ఎనిమిదేళ్ళ కిందట నా సొంత రికార్డు చేసుకోవడానికి ఆ గ్యారేజీకి వెళ్ళాను. వేరే ఎక్కడికి వెళ్తాను? ఒక్క మైకుతో చేసేవాడు అతనొక్కడే. ఎప్పటిలాగే నన్ను తలుపు దగ్గర నిలబెట్టాడు. ఆ తలుపు పక్కనే వనెల్డా పెద్ద ఫ్రీజర్ ఉంటుంది, జింక మాంసం, మొక్కజొన్న దాచుకునేది. మామూలుగా రికార్డు చేసేటప్పుడు దాని ప్లగ్గు పీకేసేవాడు. ఆ రోజు వనెల్డా అప్పుడే మాంసం పెట్టిందట, పీకొద్దని గట్టిగా చెప్పిందట. సరే, కానిద్దాం అన్నాడు. పాట వాయించాం. ఆఖరి తీగ మోగింది. ఎవరూ కదలకుండా ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

నా మోకాలి పక్కన ఫ్రీజర్ మోటారు అందుకుంది. ధబ్ మని ఒక దెబ్బ. దాని మీద పేర్చిన బీన్స్ సీసాలు గలగలమన్నాయి.

మిత్రులారా, ఆ చప్పుడు నాకన్న బాగా తెలిసినవాడు భూమ్మీద లేడు. దాని మీద రెండు పేరాలు రాసినవాణ్ణి. రైలు లేదు, గొలుసులు లేవు, యార్డు లేదు. డిస్కు పాతది, దాని మీద పాట కొత్తది. మూతపడ్డ రేడియో స్టేషన్ల నుంచి వాడని డిస్కులు దొరుకుతాయని నాకు తెలియదా? తెలుసు. నేనే రెండు కొని దాచుకున్నాను. మరి ఆ మాట నాకెందుకు తట్టలేదు? తట్టకూడదని కోరుకున్నాను కాబట్టి.

హోబర్ట్ వైపు చూశాను. తల వంచుకుని టేపు వెనక్కి తిప్పుతున్నాడు. "ఈ ఫ్రీజర్‌ని ఇక్కణ్ణుంచి తీసేద్దామంటే వనెల్డా ఒప్పుకోవట్లేదు. ఇంకోసారి వాయిద్దామా?" అన్నాడు. నాకు తెలిసిపోయిందని అతనికి తెలిసిందా? ఇప్పటికీ నాకు తెలియదు. ఇంకోసారి వాయించాం. నేను మూడుచోట్ల తప్పాను. చెయ్యి నొప్పిగా ఉందని చెప్పి ఇంటికి వచ్చేశాను.

తరవాత పత్రికలో ఏం రాశాను? ఏమీ రాయలేదు. రేడియోలో ఏం చెప్పాను? ఏమీ చెప్పలేదు. ఎనిమిదేళ్ళు. ఆ పాట కింద రాసినవారు తెలియదు అని వేస్తూనే ఉన్నారు, నేను చూస్తూనే ఉన్నాను. నా పేరు పోతుందని భయపడ్డానా? భయపడ్డాను. కానీ అది చిన్న కారణం. పెద్ద కారణం ఇది. ఎప్పుడో చచ్చిపోయిన ఒక ముసలాయన నాకన్న గొప్పగా వాయించాడంటే నేను తట్టుకోగలను. నాలుగు వీధుల అవతల ఉండేవాడు, నాతోబాటు అదే కొట్లో రొట్టె కొనుక్కునేవాడు, నా గుమ్మంలో పంది తొడ పెట్టి వెళ్ళినవాడు అలా వాయించాడంటే తట్టుకోలేను. తట్టుకోలేకపోయాను. అందుకే నోరు మూసుకున్నాను. అతను చేసినవాటిలో అతి గొప్పదాన్ని అతనికి దక్కకుండా చేశాను.

హోబర్ట్ ఎందుకు నోరు విప్పలేదన్నది వేరే సంగతి. నన్ను నలుగురిలో నవ్వులపాలు చేయకూడదని ఊరుకున్నాడని నాకు నేను చెప్పుకున్నాను. పెద్దమనసు చూపిస్తున్నాడు, దాంట్లో కూడా నన్ను మించిపోయాడని దానికీ ఏడ్చాను.

మంగళవారం వనెల్డా రమ్మంటే వెళ్ళాను. కాఫీ పోసింది. ఎండబెట్టిన ఆపిల్ కేకు ముక్క పెట్టింది. అప్పట్లో హోబర్ట్ మూతపడ్డ స్టేషన్ నుంచి డిస్కులూ, వాటి మీద పాట చెక్కే యంత్రమూ వారం రోజులకి అడిగి తెచ్చుకున్నాడని చెప్పింది. సరదాకి ఒకే ఒక్కటి చెక్కి ఎస్టిల్‌కి ఇచ్చాడట. ఎస్టిల్ ఇల్లు మారేటప్పుడు అది పొరపాటున పాత సామాన్లలో పడి సంతకి చేరింది. ఎవరూ నన్ను మోసం చెయ్యాలనుకోలేదు.

తరవాత హోబర్ట్ గిటారు పెట్టె తెచ్చింది. తీగలు పెట్టుకునే చిన్న అర తెరిచింది. అందులో నాలుగు మడతల కాగితం ఉంది, మడతల దగ్గర చిరిగిపోతే వెనక టేపు అంటించి ఉంది. నా వ్యాసం. ఆ ఆఖరి పేరా.

వనెల్డా ఏమందో ఆమె మాటల్లోనే చెప్తాను. చెప్పమని ఆమే నాకు అనుమతి ఇచ్చింది. "పాట నాదని చెప్పవయ్యా అని ఎన్నిసార్లు పోరానో, డెల్మర్. వింటేగా. 'చెప్తే ఆ మాటలు వెనక్కి తీసుకుంటాడే. ఇన్నేళ్ళలో వాడు నన్ను మెచ్చుకున్నది ఇదొక్కసారే. నేనని తెలియక మెచ్చుకున్నాడు, అయితేనేం, ఉండనీ' అనేవాడు. సంబరంలో నువ్వలా అన్న రోజు ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా? 'నాకా ముసలాడి మీద కుళ్ళుగా ఉంది, వనెల్డా. డెల్మర్ నాతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు' అన్నాడు. లేని మనిషి మీద కుళ్ళుకున్నాడు, పిచ్చాడు." అలా అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

ముప్పై ఎనిమిదేళ్ళు ఈ ఊళ్ళో అసూయ అంతా నా ఒక్కడి సొత్తు అనుకున్నాను. అతనికి ఏ లోటూ లేదనుకున్నాను. అతనికి కావలసింది ఒకటుంది, అది నా దగ్గరే ఉంది. ఒక్క మాట. బాగా వాయించావురా అన్న మాట. నాలుగు వీధులు నడవడానికి ఎంతసేపు పడుతుంది? నాకు తెలిసిన తరవాత ఎనిమిదేళ్ళు గడిచాయి. ఒక్కరోజు కూడా నడవలేదు. ఇప్పుడు ఇంతమందిలో చెప్తున్నానంటే అందులో నా గొప్పేమీ లేదు. పోయినవాళ్ళని మెచ్చుకోవడం నాకు మొదటి నుంచీ తేలికే.

అయినా చెప్తాను. వచ్చే నెల పత్రికలో అచ్చవుతుంది, ముందు మీరు వినండి. తుప్పు వంతెన బూగీ కట్టింది హోబర్ట్ లైకిన్స్. గిటారు వాయించింది హోబర్ట్ లైకిన్స్. బాస్ ఎస్టిల్. హామిల్టన్‌లో, వాళ్ళ గ్యారేజీలో. ఇకమీదట ఎవరు వాయించినా పేరు చెప్పి వాయించండి. దూరం నుంచి వచ్చిన మిత్రులారా, మీ దేశంలో కూడా అందరికీ ఈ మాట చెప్పండి.

హోబర్ట్, నువ్వు భయపడ్డ సంగతి ఒకటుంది, దానికి జవాబు చెప్పి కూర్చుంటాను. నేను రాసినదాంట్లో తేదీ తప్పు. గిటారుకి తాళం వేసుకోమన్నది తప్పు. నీ చెయ్యి గురించి రాసిన మాటల్లో ఒక్కటి కూడా నేను వెనక్కి తీసుకోవడం లేదు.

దయచేసి అందరూ లేచి నిలబడండి. టోపీలు తీయండి. అతని పాట రెండు నిమిషాల పదకొండు సెకన్లు. అంతసేపు ఎవరూ మాట్లాడకుండా నిలబడదాం.